సోమవారం ఇవ్వవలసిన మూట

మే 2, 2018, బుధవారం. గుల్పెన్

బండిలో నీళ్ళ తొట్టి నింపాను, వంద లీటర్లు. గ్యాస్ బండ మార్చాను. టైర్లలో గాలి చూశాను, నాలుగూ సరే. మరుగుదొడ్డి తొట్టి కడిగి మందు పోశాను. దుప్పట్లు రెండు, దిండు ఒకటి. రెండో దిండు తీసి అటక మీద పెట్టేశాను. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, బఠాణీ సూప్ డబ్బాలు ఆరు, పీనట్ బటర్ సీసా ఒకటి. ఫ్రాన్సులోనూ దొరుకుతుంది కాని, అది మనది కాదు.

అన్నిటికన్నా చివర మూట పెట్టాను. మంచం కింద అరలో, మీద ఏదీ పడకుండా.

విడాకుల పంపకాలు నేటితో ముగిశాయి. మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

ఇల్లు: అమ్మేశాం, చెరిసగం.
కారు: హ్యూబ్‌కి.
మోటార్‌హోమ్: నాకు. "నడపగలరా?" అని లాయరు అడిగాడు. ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని దారి చెప్పినదాన్ని.
గోడగడియారం: హ్యూబ్‌కి.
దుప్పట్ల బీరువా, అందులో ఉన్నవన్నీ: నాకు.
డెల్మర్: హ్యూబ్‌కి.

చివరి పద్దు విని లాయరు నవ్వాడు. దేశానికి ఉత్తరాన పుట్టిన మనిషి. దక్షిణాన మా లింబుర్గ్‌లో అయితే నవ్వరు. చెప్పాల్సి వచ్చింది. మార్‌గ్రాతెన్‌లో అమెరికన్ సైనికుల శ్మశానం ఉంది, ఎనిమిది వేల పైచిలుకు రాళ్ళు, ఒక్కోదాన్ని ఒక్కో ఇంటివాళ్ళు దత్తత తీసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది మా అత్తగారు త్రేస్, అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల, డెల్మర్ స్ట్రౌడ్ అనే అతని సమాధిని తన పేరున రాయించుకుంది. పుట్టినరోజుకి పూలు, పోయిన రోజుకి పూలు, మే నెలాఖరు ఆదివారం, సైనికుల స్మారక దినానికి, పూలు. ఆమె పోయాక కాగితం కొడుకు పేరుకి మారింది. కాగితం హ్యూబ్‌ది. పూలు నావి, పెళ్ళయిన నాటి నుంచి ముప్ఫై ఒక్క ఏళ్ళు. హ్యూబ్ నాతో ఎన్నిసార్లు వచ్చాడో కూడా రాసి పెట్టాను. నాలుగు.

దత్తతకు ఎదురుచూసేవాళ్ళ జాబితా చాలా పొడుగు. చేయి జారితే మళ్ళీ రాదు. అందుకే పేరు మార్చే కాగితం తెప్పించి, నింపి, అతను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, తిరుగు స్టాంపు అంటించి మరీ పంపాను. ఇరవై ఏడు ఆదివారంలోగా పంపమన్నాను. సాయంత్రం ఫోను చేశాడు.

"ఫీన్, ఏంటీ కాగితం?"

"సంతకం పెట్టి పంపు."

"మార్యోకి ఈసారి ఆ కార్యక్రమం చూడాలనుంది. పైన విమానాలు పోతాయి కదా. కొత్త కోటు కూడా కొనుక్కుంది." మార్యో అతని కొత్త మనిషి.

"కోటు ఎక్కడికైనా వేసుకెళ్ళచ్చు."

"అదిగో, ఆ మాటే. అతను మా అమ్మ మనిషి. నువ్వింక క్రూట్సెన్ ఇంటి కోడలివి కావు."

"అతని పుట్టినరోజెప్పుడో చెప్పు చూద్దాం."

"ఆలోచించి చెప్తాలే," అని పెట్టేశాడు.

పుట్టినరోజు గురించి ఆలోచిస్తానన్నాడో, సంతకం గురించో తెలియదు.

మూట సంగతి లాయరుకి చెప్పలేదు. అది బీరువాలో ఉన్న వస్తువుల కింద వచ్చేసింది. అత్తగారి తల్లి గని కార్మికుల బసకి బట్టలుతికేది. నలభై నాలుగు సెప్టెంబరులో అమెరికన్లు వచ్చాక, సబ్బు పుచ్చుకుని వాళ్ళవీ ఉతికారు. డెల్మర్ ఒక మూట తెచ్చిచ్చాడు. తీసుకోడానికి రాలేదు. అత్తగారి ఇంటిఖర్చుల పుస్తకంలో ఆ పద్దు ఇప్పటికీ కొట్టెయ్యకుండా ఉంది. ఏటా వసంతంలో ఆమె ఆ చొక్కా, ఆ మేజోళ్ళు తీసి, ఉతికి, చొక్కా ఇస్త్రీ చేసి, మళ్ళీ మడత పెట్టేది. ఆమె తర్వాత నేను. "ఉతికింది తెచ్చినవాడి చేతికే ఇవ్వాలి" అనేది. "వేరే చేతికిచ్చావో, పోతే మన మీదికే వస్తుంది." అది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి.

డెల్మర్ వచ్చిన దారినే నేనూ వస్తాను, ఫ్రాన్సు సముద్రపొడ్డు నుంచి మా గడప దాకా. అతనికి మూడున్నర నెలలు పట్టింది. నాకు మూడున్నర వారాలున్నాయి. ఒక్కదానివే వెళ్తున్నావా అని ఊట్రెక్ట్ నుంచి మా అమ్మాయి లూస్ అడిగింది. బండితో వెళ్తున్నానన్నాను.

మే 3

ఆరువందల డెబ్భై కిలోమీటర్లు. ఎదురొచ్చిన మోటార్‌హోమ్‌లలో చెయ్యి ఊపినవి: 23. అందరికీ తిరిగి ఊపాను. ఇంతకుముందు నడపడం అతని పని, ఊపడం నా పని. ఇప్పుడు రెండూ నావే, కష్టమేం లేదు. పైకి పలికిన మాటలు: 9. అన్నీ నమస్కారాలూ థాంక్సులూ.

మే 4, శుక్రవారం

డెల్మర్ దిగిన తీరం చూశాను. నీళ్ళు చాలా వెనక్కి పోయి ఉన్నాయి. పిల్లలు పతంగులు ఎగరేస్తున్నారు. జామ్ సీసాలో సగం వరకూ ఇసుక తీసుకున్నాను. తెల్లరాతి మీద చెక్కిన పేరు ఫొటోలో కనబడదు, ఈ తీరపు తడి ఇసుక రుద్దితే అక్షరాలు పైకి తేలతాయి. మార్‌గ్రాతెన్‌లో శ్మశానంవాళ్ళు చేసే పనే. నాకు నా ఇసుక ఉండాలి.

సాయంత్రం ఎనిమిదికి బండి దిగి మెట్టు పక్కన నిలబడ్డాను. మన దేశంవాళ్ళు ఎక్కడున్నా మే నాలుగున ఎనిమిదికి, యుద్ధంలో పోయినవాళ్ళ కోసం రెండు నిమిషాలు నిలబడతారు. మోటార్‌హోమ్‌లు ఆగే ఈ శిబిరంలో మన దేశపు పసుపు నంబరు పలక నాది కాక ఇంకొకటే ఉంది. దాని ముందు ఒక ముసలి జంట నిలబడ్డారు. పక్కన ఇంగ్లీషాయన సాసేజ్‌లు వేయిస్తున్నాడు. మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో, పొయ్యి ఆర్పి అతనూ నిలబడ్డాడు. గరిటె చేతిలోనే ఉంది.

రెండు నిమిషాలయ్యాక ఆ ముసలావిడ కేకేసింది. "రా అమ్మాయ్, కాఫీ ఉంది." ఫ్రీస్‌లాండ్ వాళ్ళు. ఆవిడ ఔక్యె, ఆయన యెల్లె, పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. తలా ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. మా ఇంట్లోలాగే అనిపించింది.

"ఇంత బండికి ఒక్కరేనా?" అన్నాడు యెల్లె.

"ఒక్కదాన్నే."

"మన బండిలో మాత్రం ఎంతమందిమున్నాం?" అంది ఔక్యె. "నువ్వు పొద్దస్తమానం తుపాకుల గురించి చెప్తావు, నేను వినను. ఆమెకి చెప్పేవాడు లేడు, అంతే తేడా."

పలికిన మాటలు: లెక్క తప్పింది.

మే 5

బేకరీలో క్రోసాన్‌లు రెండు కొన్నాను. రెండోది రేపటికి.

మే 6

రెండోది ఎండిపోయింది. పిచ్చుకలకు వేశాను. ఈరోజూ రెండే కొన్నాను. బేకరీ ఆవిడ రేపటి నుంచి అడగకుండానే రెండు కట్టేలా ఉంది.

మే 7, సోమవారం

యెల్లె పోరు పెడితే మ్యూజియానికి వెళ్ళాం. మ్యూజియం అంటే ఒక రైతు కొట్టం. హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, దువ్వెనలు, పొలంలో నాగలికి తగిలినవి. ఒక మూల కొయ్య బొమ్మకి చొక్కా తొడిగారు. మెడపట్టీ లోపల నల్ల సిరాతో ఒక అక్షరం, నాలుగంకెలు. కింద అట్టముక్క మీద ఉన్నది యెల్లె చదివి చెప్పాడు.

"చాకలి గుర్తన్నమాట. మొదట ఇంటిపేరులో తొలి అక్షరం, తర్వాత వాడి నంబరులో చివరి నాలుగంకెలు. వేలమంది చొక్కాలు ఒకే కాగులో పడితే ఎవరిది ఎవరికి పోవాలో తెలియద్దూ?"

"నీకు పెళ్ళయి యాభై ఏళ్ళయింది, నీ చొక్కా నీకు తెలీదు," అంది ఔక్యె.

వాళ్ళు నవ్వుకుంటూ ముందుకెళ్ళారు. నేను ఆ బొమ్మ దగ్గరే ఉండిపోయాను.

మూట విప్పక్కర్లేదు. ఆ మెడపట్టీని ముప్ఫై సార్లు ఇస్త్రీ చేశాను. అదేదో ఫ్యాక్టరీ నంబరనుకున్నాను. కె 6038.

మే 8

రాయడానికేమీ లేదు. దుప్పట్లు దులిపాను.

మే 9

సిరా వెలిసిపోయింది. కె కాకపోవచ్చు. ఎస్ కింది వంపు చెరిగిపోతే కె లాగే కనబడుతుంది. స్ట్రౌడ్‌కి ఎస్. డెల్మర్ నంబరులో చివరి అంకెలు నాకు గుర్తు లేవు.

మే 10

గుర్తున్నాయి. రాయి వెనక కింది భాగంలో చెక్కి ఉంటాయి. నాచు పట్టినప్పుడు చూస్తూనే ఉంటాను. 2291.

మే 11

చొక్కా అతనిది కాదు.

నలభై ఏడులో అత్తగారు డెల్మర్ తల్లికి మిస్సోరీకి ఉత్తరం రాసింది, మీ అబ్బాయి చొక్కా మా దగ్గర ఉంది, పంపమంటారా అని. పంపవద్దు, మనుషులున్న ఇంట్లో వాడిదంటూ ఒకటి ఉండనివ్వండి అని ఆ తల్లి జవాబిచ్చింది. ఆ జవాబు మూటలోనే ఉంది. ఆవిడ డెబ్భై ఒకటిలో పోయింది. నయమే.

ఎవరిదో చొక్కా. డెబ్భై నాలుగేళ్ళు ఉతికాం.

మే 13, ఆదివారం. మోర్తెన్

గుట్ట పైదాకా నడిచాను. పైన చిన్న ప్రార్థనామందిరం, బండరాళ్ళు, మంచు. ఆగస్టులో డెల్మర్ వాళ్ళని ఇక్కడ ఆరు రోజులు శత్రువు చుట్టుముట్టాడు. తిండి లేదు, నీళ్ళు లేవు. ఆ సంగతి తల్లికి ఒక్క వాక్యంలో రాశాడట, ఆవిడ జవాబులో ఉంది, "కొండ మీద కొన్నాళ్ళు ఉన్నాం, దృశ్యం బాగుంది" అని.

యెల్లె దగ్గర ఉన్నదీ ఈ దారి పుస్తకమే, అందుకని వాళ్ళూ ఇక్కడే తగులుతున్నారు. అతను ఫొటోలు తీస్తుంటే ఔక్యె నా పక్కన బండరాయి మీద కూర్చుని ఊలు అల్లుతోంది. ఎవరికైనా చెప్పాలనిపించి చెప్పాను. మొత్తం చెప్పాను. కాగితం, మార్యో కోటు, చొక్కా.

అల్లిక ఆపకుండానే విన్నది. "డెబ్భై ఏళ్ళు వేరేవాడి చొక్కా ఉతికారన్నమాట."

"అవును."

"నేను యాభై ఏళ్ళుగా సరైనవాడి చొక్కాలే ఉతుకుతున్నాను. పెద్ద తేడా ఏం లేదు, అమ్మాయ్."

నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో.

"మీ ఆయనకి చెప్పకు," అంది తర్వాత. "చెప్తే ఏమంటాడో తెలుసుగా. నీకేం సంబంధం అంటాడు."

"నిజంగా ఏం సంబంధం?"

ఔక్యె అల్లికలో కుట్లు లెక్కపెట్టుకుంటోంది.

మే 15, మంగళవారం

హ్యూబ్ ఫోను చేశాడు.

"చూడు ఫీన్, బాగా ఆలోచించాను. సంతకం పెట్టను. అమ్మ నాకిచ్చి వెళ్ళింది ఇదొక్కటే."

"గడియారం కూడా ఇచ్చింది."

"గడియారం ఆగిపోయింది."

"తాళం ఇవ్వాలి. ఆదివారం ఆదివారం."

"నీకెందుకింత పట్టుదల? వాడు నీకేమన్నా చుట్టమా? అమ్మంటే చూసింది, మాట్లాడింది. చొక్కా ఉతికింది."

ఆ క్షణంలో చెప్పెయ్యచ్చు. చొక్కా వాడిది కాదు హ్యూబ్, మీ అమ్మదీ పొరపాటే అని. నోటి దాకా వచ్చింది. చెప్తే, అయితే మరీ మంచిది, ఇంక నీకు గొడవే లేదు అంటాడు. లేదా, గడియారం లాగే అతనికి డెల్మర్ మీద కూడా ఆసక్తి పోతుంది. అదీ నాకు ఇష్టం లేదు.

"వానొస్తోంది," అన్నాను. రావడం లేదు.

మే 16

లూస్ ఫోను. "అమ్మా, నాన్న చెప్పారు. చచ్చిపోయిన మనిషి కోసం మీరిద్దరూ కొట్టుకోవడం ఏంటి, నాకు నవ్వాలో ఏడవాలో తెలీటంలేదు."

"నువ్వు తీసుకో అయితే."

"నేనా? నాకు బాల్కనీలో మొక్క బతకదు."

నిజమే. చిన్నప్పుడు ప్రతిసారీ నాతో వచ్చేది. వరసల మధ్య పరిగెత్తేది, రాళ్ళు లెక్కపెట్టేది. అరవై దాటితే లెక్క తప్పేది.

మే 17

బట్టలు ఉతికాను, శిబిరం మిషనులో. నావే. మూట తియ్యలేదు.

మే 19. బెల్జియం

పలికిన మాటలు: 0. పెట్రోలు బంకులో కూడా మిషనే.

ఔక్యె వాళ్ళు నిన్న ఉత్తరానికి తిరిగి వెళ్ళిపోయారు. ఔక్యె నాకొక టోపీ అల్లి ఇచ్చింది. తల కొలత అడగలేదు, కాని సరిపోయింది.

రాత్రి మంచం మీద ఎడమవైపే పడుకున్నాను. మధ్యలో పడుకోవచ్చు. కుడివైపు మూట పెట్టి చూశాను, మళ్ళీ తీసి అరలో పెట్టేశాను.

హ్యూబ్‌కే ఉండనివ్వడం మంచిదేమో. అతని తల్లి పొరపాటు, అతని ఇంటి పొరపాటు. ఇందులో నా వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది? ఉత్తరం రాశాను, కాగితం నాకు అక్కర్లేదని. కవరులో పెట్టాను. స్టాంపు రేపు.

మే 20

ఇక్కడ ఆదివారం స్టాంపులు దొరకవు.

మే 21

సెలవు రోజు. స్టాంపులు దొరకలేదు.

మే 22, మంగళవారం. రింబుర్గ్

నా దగ్గర స్టాంపులు ఉన్నాయి. పర్సులో, ఎప్పుడూ ఉండే చోటే.

వాగు దగ్గరికి వెళ్ళాను. వుర్మ్ అంటారు దీన్ని. అవతలి ఒడ్డు జర్మనీ. డెల్మర్ దీన్ని దాటుతుండగా పోయాడు. ఇన్నేళ్ళూ నది అనుకున్నాను. లంగా కాస్త పైకి పట్టుకుంటే నేను కూడా దాటేస్తాను. ఒక ఆవు దాటి వచ్చి నన్ను చూసి, మళ్ళీ దాటి వెళ్ళింది.

ఒడ్డున కుర్చీ వేసుకుని, కాఫీ పోసుకుని, అత్తగారి ఖర్చుల పుస్తకం తీశాను. ఉత్తరం పంపేముందు ఆ పద్దు ఒకసారి చూసుకుందామని. ఎన్నోసార్లు చూసిందే. కాని ఇన్నేళ్ళూ నేను చూసింది పేరు, చివర ఖాళీగా ఉన్న గడి. మధ్యలో ఏముందో అక్షరం అక్షరం ఎప్పుడూ చదవలేదు. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"సెప్టెంబరు 28, గురువారం. అమెరికన్ డెల్మర్ తెచ్చిన మూట ఒకటి. చొక్కా 1, మేజోళ్ళు 3 జతలు. అతను వేసుకున్న చొక్కా కూడా మాసే ఉంది, విప్పి ఇవ్వమంటే మా వాడిది ముందు అన్నాడు. సబ్బులు 2 ముట్టాయి. సోమవారం ఇవ్వాలి."

మా వాడిది ముందు.

ఎవరో కె అనే స్నేహితుడు. కాలికి దెబ్బ తగిలిందో, కాపలా పడిందో, రాలేకపోయాడు. డెల్మర్ వాడి బట్టలు మోసుకొచ్చాడు, వాడి తరఫున సబ్బులిచ్చాడు. తన చొక్కా మాసిందే వేసుకుని వెళ్ళాడు. ఆ చొక్కాతోనే సోమవారం, అక్టోబరు రెండున, ఈ వాగులో దిగాడు.

అత్తగారికి తెలుసు. ఉతికింది ఆవిడే, రాసింది ఆవిడే. ఆ తల్లికి మాత్రం మీ అబ్బాయి చొక్కా అని రాసింది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఆ తల్లికి ఏమని రాస్తుంది ఇంకా? తర్వాత నాకు కూడా అలాగే చెప్పింది. అలవాటైపోయి ఉంటుంది.

తెచ్చినవాడి చేతికే ఇవ్వాలి. ఎవరిదనేది ఉతికేవాళ్ళకి అనవసరం.

ఉత్తరం చింపాను. ముక్కలు చెత్త సంచిలో వేశాను, కాగితాల సంచిలో.

మే 25, శుక్రవారం. మార్‌గ్రాతెన్

శిబిరం శ్మశానానికి నడక దూరంలో. నీళ్ళు నింపాను, తొట్టి ఖాళీ చేశాను, అద్దాలు తుడిచాను.

నిన్న, ఈరోజు కలిపి కె తో మొదలయ్యే ఇంటిపేర్ల రాళ్ళు వెతికాను. పేరు ముందువైపు, నంబరు వెనకవైపు. ఒక్కో రాయి చుట్టూ తిరిగి వంగి చూడాలి. ఆదివారం కోసం జెండాలు పాతుతున్నవాళ్ళు నన్ను చూసి ఏమన్నా పోగొట్టుకున్నారా అని అడిగారు. చూసినవి 143. 6038 లేదు. ఇంకా ఉంటాయి, నా నడుము మాత్రం ఇంక వంగదు.

లేకపోవడం మంచి కబురే. చొక్కా లేకుండా ఇంటికి చేరాడని అనుకుంటాను.

హ్యూబ్ నుంచి కవరు రాలేదు. కవరు మీద రాసింది లూస్ చిరునామా, అడిగితే అక్కడికి కూడా రాలేదంది. రేపు కూడా రాకపోతే, ఆదివారం నుంచి డెల్మర్ పూలు మార్యోవి.

మే 26, శనివారం

పదకొండున్నరకి ఫోను.

"ఫీన్, ఎక్కడున్నావ్?"

"ఎందుకు?"

"ఏం లేదు. రేపు జనం ఎక్కువుంటారని ఇవాళే పూలు పెడదామని వచ్చాం. ఇక్కడ... జెండాలన్నీ పెట్టేసరికి అంతా ఒకేలా ఉంది. ఎటువైపు అది?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"గుర్తుంది నాకు," అన్నాడు. "చెట్టు పక్కన కదా."

"ఏ చెట్టు?"

"అదే, చెట్టు."

వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. "గంటైంది హ్యూబ్. ఆఫీసులో అడుగు."

"ఆఫీసులో అడిగితే ఏమనుకుంటారు, దత్తత మన పేరు మీద పెట్టుకుని?" అని అటు తిరిగి అన్నాడు. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "ఫీన్. చెప్పవే."

చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించాను. పూలు వేరే రాయి దగ్గరికి పోతాయి. లేదా కారు వెనక సీట్లో వాడిపోతాయి. డెల్మర్‌కి శనివారం పూలు ఉండవు. సంతకం పెడితే చెప్తానని అనవచ్చు. అది నోటి దాకా కూడా రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

"డి భాగం," అన్నాను. "పదకొండో వరస, ఎడమ నుంచి ఏడు. పువ్వులు రాయికి ఆనించకు, మరక పడుతుంది."

"సరే."

"పుట్టినరోజు మార్చి తొమ్మిది."

పెట్టేశాడు. నేను కూరగాయలు తరిగాను. ఒక్కరికి సరిపడా తరగడం వస్తోంది ఇప్పుడు.

ఒంటిగంటకి ఎవరో బండి తలుపు తట్టారు. కొత్త కోటు. మార్యో. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నాకన్నా చిన్నదేమీ కాదు. బూట్లు గడ్డిలో నానిపోయి ఉన్నాయి.

"లోపలికి రావచ్చా? రోడ్డు మీంచి మీ బండిని హ్యూబ్ గుర్తుపట్టాడు. కాళ్ళు తడిశాయి."

రమ్మన్నాను. కాఫీ పెట్టాను. రెండు కప్పులు. బిస్కెట్టు ఒకటిచ్చి మూత పెట్టాను.

"మీకో సంగతి చెప్పాలి," అంది. "మీకు ఫోను చేసే ముందు గంటసేపు తిప్పాడు. చివరికి ఒక రాయి ముందు నిలబడి, ఇదే, టోపీ తియ్యి అన్నాడు. తీశాను. పూలు పెట్టాను. ఫొటో తీశాడు. తర్వాత పేరు చూస్తే ఎవరో ఫెర్నాండెజ్."

నవ్వకూడదని కప్పు వైపు చూశాను.

"మీరు నవ్వచ్చు," అంది. "నేను కారు దగ్గర నవ్వాను, తను కోపమొచ్చి గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు."

"పూలు అక్కడే ఉన్నాయా?"

"ఫెర్నాండెజ్ దగ్గరే ఉంచేశాను. తీసుకోబుద్ధి కాలేదు. మీవాడికి మళ్ళీ కొన్నాను." కోటు జేబులోంచి కవరు తీసింది. నేను పంపిన కవరే, నా తిరుగు స్టాంపుతో సహా. "కారు మీద పెట్టి సంతకం చేశాడు. గుర్తు పెట్టిన చోటే. నేను వేరేవాళ్ళ భర్తని తీసుకున్నాను, నిజమే. వేరేవాళ్ళ చనిపోయినవాణ్ణి కూడా తీసుకోవడం నావల్ల కాదు. ఇతనసలు మీకేమవుతాడండీ?"

ఆ ప్రశ్నకి ఈసారి జవాబు ఉంది. "మా ఇంట్లో ఒక మూట ఇచ్చి వెళ్ళాడు," అన్నాను. "తీసుకోవడానికి రాలేదు."

ఆమె తల ఊపింది. బూట్లు తొడుక్కుంటూ, "గడియారం ఆగిపోయింది, దానికేం చెయ్యాలి?" అని అడిగింది.

"ఆదివారాలు తాళం ఇవ్వండి. ఎనిమిది చుట్లు. తొమ్మిదో చుట్టు తిప్పకండి."

మే 27, ఆదివారం

విమానాలు శిబిరం మీదుగా వెళ్ళాయి. జనం చాలా ఉన్నారని చెప్పారు. నేను చొక్కా ఇస్త్రీ చేశాను. మెడపట్టీ లోపలివైపు, తర్వాత బయటివైపు, తర్వాత చేతులు, చివర వీపు. అత్తగారి వరస. మేజోళ్ళు ఒక మడమ దగ్గర పలచబడ్డాయి, దారం కలిసేలా రఫ్ఫు కుట్టాను. గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టాను. మిస్సోరీ ఉత్తరం కూడా లోపల పెట్టాను.

మే 28, సోమవారం

ఉదయం తొమ్మిదికి వెళ్ళాను. ఎవరూ లేరు. నిన్నటి పూలు ఎనిమిది వేల చోట్ల. నావి కార్నేషన్లు. పక్కన మార్యోవి ఉన్నాయి, రాయికి ఆనించలేదు.

జామ్ సీసాలోని ఇసుకలో కొంచెం నీళ్ళు కలిపి అక్షరాలకి రుద్దాను. డెల్మర్ జె. స్ట్రౌడ్. పేరు పైకి తేలింది. ఫొటో తీయలేదు. చూశాను, అంతే.

మూట విప్పి, అత్తగారు బసలో ఇచ్చేటప్పుడు చేసినట్టే, పైకి లెక్క చెప్పాను. చొక్కా ఒకటి. మేజోళ్ళు మూడు జతలు. ఒక జత రఫ్ఫు కుట్టింది. చూసుకోండి. మళ్ళీ కట్టి, రాయి ముందు గడ్డి మీద పెట్టాను. పూలు కాక వేరేవి ఉంటే సాయంత్రం తీసి లోపల భద్రపరుస్తామని ఆఫీసులో చెప్పారు. అది వాళ్ళ పద్ధతి. నా చేతినుంచి వెళ్ళింది.

గేటు దగ్గర ఒక పసుపు నంబరు పలక మోటార్‌హోమ్ ఎదురొచ్చింది. చెయ్యి ఊపారు. నేను నడిచి వెళ్తున్నాను, అయినా ఊపాను.

దత్తత కాగితం ఆఫీసులో ఇచ్చాను. పేరు: ఫీన్, పుట్టింటి ఇంటిపేరుతో. ముద్ర వేశారు.

తిరిగొచ్చి అత్తగారి పుస్తకం తీసి, సెప్టెంబరు 28 పద్దు పక్కన, డెబ్భై నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్న గడిలో, నా చేతిరాత చిన్నది చేసి రాశాను.

సోమవారం ఇచ్చాం. తెచ్చినవాడికే. బాకీ చెల్లు.